బాయి కప్పు మాట్లాడింది

గోదావరిఖనిలో కొత్తగా తవ్విన ఒక బాయి ఆఫీసులో యోనా రిపోర్టు బుక్కు రాసే గుమాస్తా. ఇరవై నాలుగేళ్ల వాడు. అతనికి బొగ్గుబాయి అంటే భయం లేదు, ఇంగ్లీషంటేనే భయం. తండ్రి కొత్తగూడెంలో ఇరవై ఏళ్లు బొగ్గు తవ్వి, దగ్గుతో మంచం పట్టి పోయాడు. పోయే ముందు కొడుకు చెయ్యి పట్టుకుని "నువ్వు బాయి దిగద్దు బిడ్డా, మీద కూసుండి రాయాలె" అని ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు నిలబెట్టింది ఇంగ్లీషే. కాబట్టి ఇంగ్లీషులో తప్పు వస్తే తండ్రి మాటే తప్పినట్టు యోనా వణికిపోయేవాడు.

వణుకు ఉన్నవాడికే దెబ్బ తగులుతుంది. చేరిన మూడో నెలలో నీళ్లు తోడే పంపు గురించి "వుయ్ డిస్కస్డ్ అబౌట్ ది పంప్" అని రాశాడు. మేనేజరు దొర బుక్కు పట్టుకుని వరండాలోకి వచ్చి, నలుగురినీ పిలిచి, పెద్దగా చదివాడు. "డిస్కస్ పక్కన అబౌట్ తెచ్చి ఎవరు కూర్చోబెట్టారయ్యా? మీ తాతా?" అని నవ్వాడు. అందరూ నవ్వారు. ఇంగ్లీషు ముక్క రాని చప్రాసి ఆగయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు. దొర నవ్వాక నవ్వకపోతే ఉద్యోగం నిలుస్తుందా మరి? యోనా కూడా నవ్వాడు. ఇంటికి పోయి అన్నం తినలేదు.

అప్పటి నుంచి అతనికి ఒక అలవాటు పట్టుకుంది. బుక్కులో ఒక్క కొట్టివేత కూడా కనబడకూడదని దొర హుకుం. అందుకని ముందు చిత్తుకాగితం మీద రాసుకునేవాడు. అనుమానం లేకపోతే అప్పుడే బుక్కులోకి ఎక్కించేవాడు. అనుమానం వస్తే కాగితం జేబులో పెట్టుకుని ఆమోసు మాస్టారు ఇంటికి పరుగెత్తేవాడు. ఆమోసు మాస్టారు మిషన్ బడిలో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఇంగ్లీషు దిద్దడం కంటే ఆయనకు ఇష్టమైన పని లేదు.

"తప్పు వేరు, చెవికి గుచ్చుకునుడు వేరు యోనా," అనేవాడు ముక్కుపొడుం పీలుస్తూ. "హీ హ్యాడ్ హ్యాడ్ ఫీవర్ అంటె నత్తోడు చెప్పినట్టుంటది. కాని గది సక్కని ఇంగ్లీషు. డిస్కస్ అబౌట్ అంటె ఇంపుగ ఉంటది. కాని గది తప్పు. నీ చెవిని నమ్మకు."

యోనా ఆ మాట ఒక్కటి గట్టిగా పట్టుకున్నాడు. చెవిని నమ్మడం మానేశాడు.

ఆ బాయిలో పన్నెండో లెవెల్‌కు సర్దార్ సదయ్య. పక్క ఊళ్లో నాగలి వదిలి బాయిలో తట్ట పట్టుకున్నవాడు, అయిదేళ్లలో ముప్పై మంది మీద సర్దార్ అయ్యాడు. పనిచోటు భద్రంగా ఉందో లేదో చూసి చెప్పడం ఆయన బాధ్యత. సంతకం తప్ప రాత రాదు. షిఫ్టు దిగి, మొహం మీద బొగ్గు అలాగే ఉండగా, ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి లోపల చూసిందంతా తెలుగులో చెప్పేవాడు. యోనా ఇంగ్లీషులో రాసేవాడు.

రాశాక సదయ్య ఊరికే పోయేవాడు కాదు. "ఒక్కపారి సదువు తమ్మీ," అనేవాడు. యోనా చదివేవాడు. సదయ్య కిటికీ ఊచ పట్టుకుని కళ్లు మూసుకుని వినేవాడు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయిపోగానే కళ్లు తెరిచి, "ఆ, గదే!" అని తలూపేవాడు. ఇంటికి పోయి భార్య సారవ్వతో, "మా యోనా ఇంగ్లీషు సదువుతుంటె నా మాటలేనా ఇవి అనిపిస్తదే! దొర కూడ లేసి నిలవడాలె," అని మురిసేవాడట. ఆదివారాలు యోనాను ఇంటికి పిలిచి మక్క గటక పెట్టించేవాడు. పెళ్లికాని కుర్రాడికి ఆ కాలనీలో సొంతమనిషి ఆయన ఒక్కడే. యోనా ఆయనను అన్న అనేవాడు, సారవ్వను వదినె అనేవాడు. నోటిమాటగా కాదు, నిజంగానే.

అది అరవై ఆరు, ఎండాకాలం. శనివారం మధ్యాహ్నం మూడు దాటింది. సదయ్య మామూలుకంటే జల్దీగా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"తమ్మీ, పన్నెండో లెవెల్‌ల కప్పు మాట్లాడుతున్నది. జర సోయిపెట్టి రాయి. దొర ఒకపారి దిగి సూడాలె. సూసెదాంక సోమవారం ఎవ్వల్ని లోపలికి పంపద్దు. ఎవ్వల్ని కూడ."

బాయి పని తెలిసినవాడికి ఇంకేం చెప్పక్కర్లేదు. తల మీద ఉన్న రాతి కప్పు కూలబోయే ముందు టిక్కుటిక్కుమంటుంది, సన్నగా మూలుగుతుంది, కింద నిలబెట్టిన దుంగలు కిర్రుమంటాయి. కూలీలు దాన్నే కప్పు మాట్లాడటం అంటారు. మాట్లాడిందంటే బయటికి రావాలి. ఆ షిఫ్టుకు సర్దారే మనుషుల్ని బయటికి తేగలడు. లెవెల్ మొత్తం మూసెయ్యాలంటే మాత్రం దొర మాట కావాలి.

యోనా చిత్తుకాగితం తీసి, పైన తేదీ వేసి, విన్నది విన్నట్టు రాశాడు. "ది రూఫ్ ఈజ్ టాకింగ్ ఇన్ ట్వెల్త్ లెవెల్. సదయ్య సర్దార్ సేస్ నో మ్యాన్ షుడ్ గో ఇన్."

"ఒక్కపారి సదువు."

చదివాడు. సదయ్య కళ్లు మూసుకుని విన్నాడు.

"ఆ, గదే! బుక్కుల ఎక్కియ్యి మరి," అని తలకున్న బత్తి విప్పి అప్పజెప్పి ఇంటికి పోయాడు.

సరిగ్గా అయిదింటికి ఆగయ్య వచ్చి బుక్కును దొర బంగళాకు పట్టుకుపోవాలి. దొర సాయంత్రం చాయ్ తాగుతూ చూస్తాడు. యోనా కలం సిరాలో ముంచి ఆగాడు. రూఫ్ ఈజ్ టాకింగ్. కప్పు మాట్లాడటం ఏమిటి? తెలుగు మాటకు ఇంగ్లీషు చొక్కా తొడిగినట్టుంది. డిస్కస్ అబౌట్ రోజు వరండాలో మోగిన నవ్వు మళ్లీ చెవుల్లో మోగింది. ఈ వాక్యం గనక చదివితే దొర వదిలిపెడతాడా? "ఏం మాట్లాడుతోందయ్యా మీ కప్పు? తెలుగా, ఉర్దూనా?" అని బాయంతా పిలిచి చదవడూ?

పన్నెండో లెవెల్‌లో రాత్రి షిఫ్టు లేదు. రేపు ఆదివారం, సెలవు. బాయిలోకి ఎవరూ దిగరు. మాస్టారు ఊరెళ్లాడు, రేపు చర్చికి వస్తాడు. ప్రార్థన అయ్యాక ఆయన్ను అడిగి సోమవారం పొద్దున్నే ఎక్కిస్తే కొంపలేం మునుగుతాయి? అలా అనుకున్నాడు. పన్నెండో లెవెల్ గడి ఖాళీగా వదిలేశాడు. చెప్పడానికేం లేని రోజు ఆ గడి ఎలాగూ ఖాళీగానే ఉండేది. ఆగయ్య వచ్చి బుక్కు పట్టుకుపోయాడు.

ఆదివారం గుడి బయట ఆమోసు మాస్టారు కాగితం చదివి పెదవి విరిచాడు. "ప్రాణం లేని రాయికి మాట ఎట్ల వస్తది? సదివెటోళ్లు నవ్వుతరు." ఇద్దరూ మాస్టారు ఇంటికి పోయి డిక్షనరీ ముందేసుకుని గంటన్నర కూర్చున్నారు. సౌండింగ్ అన్నారు, కాదన్నారు. క్రయింగ్ అన్నారు, అది మరీ పిల్లల ఏడుపులా ఉందన్నారు. చివరికి "అన్‌యూజువల్ సౌండ్స్ ఆర్ బీయింగ్ ప్రొడ్యూస్డ్ బై ది రూఫ్" అని తేల్చారు. మాస్టారు దాన్ని రెండుసార్లు పైకి చదువుకుని సంతోషించాడు. నిజం చెప్పొద్దూ, యోనా కూడా సంతోషించాడు. ఆ సంతోషాన్ని తలుచుకుని తర్వాత ఎన్నేళ్లు తల బాదుకున్నాడో!

సోమవారం ఆరున్నరకే ఆఫీసుకు వచ్చాడు. మాస్టారు దిద్దిన మంచి ప్రతి జేబులోనే ఉంది. కానీ బుక్కు ఇంకా బంగళా నుంచి రాలేదు. దొరతో పాటు తొమ్మిదింటికి వస్తుందని ఆగయ్య అన్నాడు. సర్దార్లకు పైవాడైన ఓవర్‌మన్ ఆ వారమంతా సెలవు. అంతలో కిటికీ దగ్గర సదయ్య నిలబడ్డాడు. తలకు బత్తి, చేతిలో కర్ర. వెనక ఆయన కింద పనిచేసే గట్టయ్య, ఇంకా పదిమంది కూలీలు.

"తమ్మీ, శనివారం గది రాసినవు గద?"

"రాసిన అన్నా."

"దొర ఏమన్న అన్నడా?"

అప్పుడు చెప్పాల్సింది. అన్నా ఆగు, బుక్కులో ఎక్కలేదు, జేబులోనే ఉంది అని ఒక్క మాట. పక్కన ఆగయ్య నిలబడి ఉన్నాడు, వెనక పదిమంది వింటున్నారు. ఎందుకెక్కలేదు అంటే ఏం చెప్పాలి? ఇంగ్లీషు కుదరలేదనా? యోనా తల వంచుకుని హాజరు పట్టీ సర్దుకుంటూ, "ఏమనలేదన్నా," అన్నాడు.

దొర ఏమీ అనలేదు. అది నిజమే. చూడనివాడు ఏమంటాడు?

బాయిలో ఒక రివాజు ఉంది. బుక్కులో రాసింది దొర చూశాడంటే, ఆపమని కబురు రాలేదంటే, పని చెయ్యొచ్చని లెక్క. "దొర సూసి కూడ బందు వెట్టలేదంటె ఫికర్ లేదన్నట్టే. అయినా ముందుగాల నేను తట్టి సూస్త, తర్వాత మీరు రాండ్రి," అని సదయ్య వెనకవాళ్లతో చెప్పి దిగాడు.

ఆ పొద్దున కప్పు నోరు మూసుకుని ఉందట. సదయ్య కర్రతో తడితే గట్టి రాయిలా ఖంగుమని మోగిందట. పని మొదలైంది. తొమ్మిదికి పావుగంట ముందు ఒక్కసారిగా దుంగలు కిర్రుమన్నాయి. సదయ్య అరిచి, ఒక్కొక్కరినీ మెడ పట్టి బయటికి నెట్టాడు. చివరివాడు గట్టయ్య. వాణ్ని నెట్టి తాను అడుగు వేసేలోపు కప్పు సదయ్య మీద కూలింది.

బాయి పైన దొర జీపు గేటు దగ్గరికి వచ్చి ఆగింది. వెనక సీటులో రిపోర్టు బుక్కు ఉంది. అదే వేళకు సైరన్ మోగింది. అది షిఫ్టు కూత కాదని కాలనీలో పిల్లలకు కూడా తెలుసు. యోనా జేబులోని కాగితం పట్టుకుని కూర్చున్నచోటే ఉండిపోయాడు. గేటు బయట సారవ్వ వట్టి కాళ్లతో ఉరికి రావడం కిటికీలోంచి కనబడింది.

పదిహేను రోజులకు విచారణ. ఎక్కడెక్కడో గనుల్లో పనిచేసి వచ్చిన ముసలి ఇనస్పెక్టరు ఒకాయన వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు. కూలీలు చెప్పింది ఇంగ్లీషులో చెప్పడానికి యోనాను పక్కన కూర్చోబెట్టారు. విధి వెక్కిరించడమంటే అదే.

గట్టయ్య చేతులు కట్టుకుని చెప్పాడు. "శనివారమే అన్నడు సార్, కప్పు మాట్లాడుతున్నదని. ఆఫీసుల చెప్పొస్తనని ఉరికిండు."

ఇనస్పెక్టరు యోనా వైపు చూశాడు. యోనా నాలుక తడబడింది. "సర్, హీ సేస్... అన్‌యూజువల్ సౌండ్స్ వర్ బీయింగ్..."

ముసలాయన మధ్యలోనే చెయ్యెత్తాడు. కప్పు మాట్లాడుతోందన్నాడా, అని ఇంగ్లీషులో అడిగాడు. ద రూఫ్ వాజ్ టాకింగ్. తాను పనిచేసిన ప్రతి గనిలో, ఇంగ్లాండులో సైతం, గని మనుషులు ఆ మాటే అంటారని, అంతకంటే సరైన మాట తనకు తెలియదని చెప్పి, తన పుస్తకంలో రాసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. దొర కూడా నవ్వలేదు. తలూపాడు.

సదయ్య కళ్లు మూసుకుని విని "ఆ, గదే" అన్నది సరిగ్గా ఆ మాటనే. చదువు రానివాడికి తెలిసింది. చదువుకున్న ఇద్దరు డిక్షనరీ పెట్టుకుని దాన్ని చెరిపేశారు.

ఇనస్పెక్టరు బుక్కు తెరిచి ఖాళీ గడి మీద వేలు పెట్టాడు. ఈ సంగతి సర్దార్ మీకు చెప్పాడా, అని అడిగాడు.

కొత్తగూడెంలో తన జీతం మీదే బతుకుతున్న తల్లి గుర్తొచ్చింది, తండ్రి ఒట్టు గుర్తొచ్చింది, జైలు గుర్తొచ్చింది. యోనా "నో, సర్," అన్నాడు. ఆ రెండు ముక్కల్లో ఎవరూ తప్పు పట్టలేరు. ఎక్కడా ఆగకుండా, తడుముకోకుండా అతను మాట్లాడిన మొదటి ఇంగ్లీషు అదే.

సర్దార్ ప్రమాదం తెలిసి కూడా రిపోర్టు చెయ్యలేదని తీర్పు రాశారు. అడిగిందీ, యోనా చెప్పిందీ ఇంగ్లీషు కాబట్టి గట్టయ్యకు అర్థం కాలేదు; బుక్కులో రాసింది దొరే మాయం చేశాడనుకున్నాడు. మంచి ప్రతిని యోనా ఆ రోజే పొయ్యిలో వేశాడు. చిత్తుకాగితం మాత్రం వెయ్యబోయి వెయ్యలేకపోయాడు. ట్రంకు పెట్టెలో బట్టల అడుగున దాచాడు.

ఎనిమిదేళ్లు గడిచాయి. యోనా హెడ్ గుమాస్తా అయ్యాడు. పెళ్లయింది, పిల్లలు పుట్టారు. ఆమోసు మాస్టారు కాలం చేశాడు. ఇప్పుడు యోనా ఇంగ్లీషులో ఎవరూ తప్పు పట్టరు. సారవ్వకు అదే ఆఫీసులో ఊడ్చే పని ఇచ్చారు. రోజూ పొద్దున ఆమే కుండలో నీళ్లు నింపేది. ఎనిమిదేళ్లు ఆమె నింపిన నీళ్లు తాగాడు. "నువ్వన్న మంచిగున్నవు యోనయ్యా, మీ అన్నకు నువ్వంటె పానం," అనేది ఆమె అప్పుడప్పుడు. ఆ మాట విన్న పూట యోనా నీళ్ల గ్లాసు ముట్టేవాడు కాదు.

డెబ్బై నాలుగులో బాయి గేటు దగ్గర, డ్యూటీలో పోయినవాళ్ల పేర్లతో కార్మికులు ఒక రాయి నిలబెట్టాలనుకున్నారు. సదయ్య పేరు వద్దన్నారు కొందరు. చెప్పకుండా పదిమందిని చావు నోట్లోకి తోలుకుపోయినోడి పేరు ఎందుకని. గట్టయ్య ఒక్కడే కొట్లాడాడు. కానీ కాగితం మీద తీర్పు ఉంది కదా.

ఒక ఆదివారం పొద్దున సారవ్వ యోనా ఇంటికి వచ్చింది. యోనా భార్య పిల్లలతో గుడికి పోయింది. సారవ్వ గడప లోపల కింద కూర్చుంది.

"యోనయ్యా, దొరకు ఒక అర్జీ రాసియ్యి. ఇంగ్లీషుల రాయి, ఆయిన సదవాలె. నా మొగడు చెప్పకుంట ఉండె మనిషి కాదు. గాయినె పేరు రాతి మీద లేకుంటె నేను గా గేటు దాటి ఎట్ల పోవాలె రోజు? నా బిడ్డలు ఎట్ల పోవాలె?"

యోనా కాగితం పరిచాడు. కలం తీశాడు. "చెప్పు వదినె."

"రాయి. కప్పు మాట్లాడుతున్నదని నా పెనిమిటి సదయ్య శనివారమే చెప్పిండు..."

కలం ఆగింది. ది రూఫ్ ఈజ్ అన్నంత వరకు వచ్చి ఆగింది. కలం పక్కన పెట్టి లేచాడు. ట్రంకు పెట్టె తెరిచి, బట్టలన్నీ కింద పారేసి, మడతల దగ్గర చిరిగిన కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. చదివాడు. ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పాడు. సదయ్య పేరు, శనివారం తేదీ చూపించాడు.

సారవ్వ మొహం విప్పారింది. "అంటె చెప్పిండన్నట్టే గద! చూసినవా, నేను అననే అంటి! కాయితం మీద ఉన్నది గద!" రెండు చేతులతో కాగితం పట్టుకుని కళ్లకద్దుకుంది. ఏడుస్తూ నవ్వింది. "గిది సూపిస్తె సాలు. ఎవ్వని నోరు లేవది ఇగ."

నవ్వుతున్న ఆమె మెల్లగా యోనా మొహం చూసింది. కింద పడి ఉన్న బట్టలు చూసింది.

"మరి గీ కాయితం నీ పెట్టెల ఎందుకున్నది యోనయ్యా?"

చెప్పాడు. ఏదీ దాచలేదు. బుక్కు, ఖాళీ గడి, దొర నవ్వు, ఆదివారం డిక్షనరీ, కిటికీ దగ్గర సదయ్య అడిగింది, తాను అన్నది, ఇనస్పెక్టరు ముందు పలికిన రెండు ముక్కలు. అంతా తెలుగులో చెప్పాడు. చెబుతుంటే తానెంత చిన్న కారణానికి ఎంత పెద్ద మనిషిని పోగొట్టుకున్నాడో తనకే మొదటిసారి వినబడినట్టయింది.

సారవ్వ తిట్టలేదు, శోకాలు పెట్టలేదు. కాగితం మీద వేలు పెట్టి ఒక్కో గీతా తడిమింది. ఆమెకు అక్షరాలు రావు.

"గీ రెండు గీతలు బుక్కుల ఎక్కియ్యనీకి ఎంత సేపు పట్టేది యోనయ్యా?"

"ఒక్క నిమిషం వదినె."

"దొర నవ్వుతడని ఆపినవా?"

"అవును."

"నవ్వితె నవ్వనియ్యకపోతివా..." ఆమె కాగితం గుండెలకు ఆనించుకుంది. "నీ ఇంగ్లీషు వింటె మీ అన్న ఎంత మురిసెటోడు! వాడు కలెక్టర్ కావాలెనే అనెటోడు. దొర ఒక్కడు నవ్వితె ఏమాయె? మురిసెటోడు ఒక్కడు బతికుండెటోడు గద!"

యోనా ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది. కాగితం కొంగుకు ముడేసుకుని లేచి వెళ్లిపోయింది.

ఆమె వీధి మలుపు దాటకముందే యోనా అర్జీ మొదలుపెట్టాడు. అది సారవ్వ అర్జీ కాదు, తన అర్జీ. ఏ అలవాటు మీద రాశాడో గాని ఇంగ్లీషులోనే రాశాడు. నాలుగుచోట్ల కొట్టివేతలు పడ్డాయి. రెండోసారి చదవలేదు, ఎవరికీ చూపించలేదు. తానే బంగళాకు పట్టుకుపోయి దొర చేతిలో పెట్టాడు. సోమవారం పొద్దున బాయి దిగబోయేవాళ్లందరి ముందు గేటు దగ్గర నిలబడి అదే సంగతి తెలుగులో చెప్పాడు. గట్టయ్య మీదికి వచ్చి చొక్కా పట్టుకున్నాడు. కొట్టలేక, చొక్కా వదిలేసి, గేటుకు తల ఆనించి ఏడ్చాడు.

ఉద్యోగం పోయింది. రాతి మీద సదయ్య పేరు చెక్కారు. మిగతా పేర్లకంటే పైన చెక్కాలని గట్టయ్య పట్టుబడితే సరే అన్నారు.

ఊరు విడిచిపోయే రోజు యోనా భార్యాపిల్లల్ని బండి దగ్గర ఉంచి ఆఫీసు వరండా దాకా వచ్చాడు. సారవ్వ కుండ కడుగుతోంది. యోనా మెట్టు కింద ఆగాడు.

"పోతున్నవా?" అంది ఆమె తలెత్తకుండానే.

"పోతున్న వదినె."

ఆమె కుండ బోర్లించి, చేతులు కొంగుకు తుడుచుకుంది. "కోపం పోయిందంటె అబద్ధమైతది యోనయ్యా. మా ఇంట్ల అబద్ధం చెప్పెటోళ్లు లేరు. మీ అన్న చెప్పలే, నేను చెప్ప."

యోనా తలూపాడు. చెయ్యెత్తి దండం పెట్టాడు. ఆమె మంచినీళ్ల బావి వైపు బిందె తీసుకుని నడిచింది. బండి దగ్గరికి పోతూ రాయి ముందు ఆగి సదయ్య పేరు పైకి చదివాడు. చదవడం అయ్యాక, ఒకప్పుడు కిటికీ దగ్గర వినబడిన ఆ ఒక్క మాట మళ్లీ వినబడుతుందేమోనని, కొంతసేపు అక్కడే నిలబడ్డాడు.